నిదానము దొరకని బిడ్డ: భారతీయ కథాసాహిత్యములో పెంచినవారి చిత్రణము

వైద్యగ్రంథములలో నిదానమనగా రోగమునకు మూలమును నిర్ణయించుట. మాధవకరుని ప్రసిద్ధ గ్రంథమునకు మాధవనిదానమనియే పేరు. తెలుగువారి వాడుకలో ఆ మాటకు వేరొక అర్థము కూడ కలదు. ఏడాది నిండినను కూర్చుండని బిడ్డను, మూడేండ్లు వచ్చినను అమ్మా యని పిలువని బిడ్డను చూచి ఇరుగుపొరుగువారు ‘పిల్లవాడు కొంచెము నిదానము’ అందురు. తల్లికి ధైర్యము చెప్పుటకు అనుమాటయే అది. వైద్యుని నిదానము లభింపని చోటనే లోకము ఈ రెండవ నిదానమును ప్రసాదించును. ఈ రెండింటి నడుమ ఒక కాలమున్నది. బిడ్డలో ఏదో లోపమున్నదని ఇంటివారికి తెలిసియు, అది ఏమో ఎవరును చెప్పలేని కాలమది. అది కొందరికి నెలలు, కొందరికి సంవత్సరములు, కొందరికి జీవితమంతయు. ఆ కాలమును పెంచినవారు ఎట్లు గడపినారన్నది సాహిత్యమునకు తగిన వస్తువు.

ఈ వస్తువు చిన్నదిగా కనబడవచ్చును. యుద్ధములు, కరవులు, దేశవిభజనము, కులవైషమ్యము మొదలగు మహావిషయముల ప్రక్కన ఒక ఇంటిలో ఒక బిడ్డ పాలు కక్కుట, మెడ నిలుపకపోవుట, రాత్రివేళ మూర్ఛ వచ్చుట కథకు చాలునా యని సందేహము కలుగవచ్చును. కాని మానవుని జ్ఞానమునకును, ప్రేమకును గల సంబంధము ఇంత తీవ్రముగా పరీక్షకు వచ్చు సందర్భములు తక్కువ. ఇచట తెలియనిదానికే చికిత్స చేయవలెను; తెలియువరకు ఆగుటకు వీలు లేదు; బిడ్డ పెరుగుట ఎవరి కొరకును ఆగదు. ఒక వైద్యుడు బలహీనత యనును, మరియొకడు నరముల దోషమనును, మూడవవాడు వయస్సు వచ్చినచో అంతయు సర్దుకొనుననును. తాత ‘వీని తండ్రియు ఆలస్యముగనే మాటలాడినాడు’ అని జ్ఞాపకము చేయును. అత్తగారు కోడలి వంక చూచును. ఆ చూపులో కూడ ఒక నిదానమున్నది, అది నేరారోపణ.

భారతీయ సాహిత్యము ఇట్టి బిడ్డను పలుమారులు చూచినది. కాని రచయితలు చూచినంత మేరకు విమర్శకులు చూడలేదు. బిడ్డను ఆత్మకో, అమాయకత్వమునకో ప్రతీకగా గ్రహించుట, ప్రక్కన కూర్చున్న తల్లినో తండ్రినో అజ్ఞానమునకు, మమకారమునకు ఉదాహరణముగా త్రోసివేయుట విమర్శకు అలవాటైనది. బిడ్డను ప్రతీకగా మార్చుటయు పేరు లేని రోగమునకు ఒక పేరు పెట్టుటయే. రోగి ప్రక్కనున్నవాని అజ్ఞానము నింద్యమైన అజ్ఞానము కాదు. తెలియకపోయినను విడువకుండుట అతని ధర్మము. ఆ ధర్మమును గుర్తించి చదివినచో ప్రసిద్ధ రచనలు కొన్ని వేరొక విధముగా కనబడును.

ఈ విషయములో ప్రాచీనులు ఉదాసీనులు కారు. కాశ్యపసంహితలో మాటలు రాని శిశువు బాధను పెద్దలు ఎట్లు గుర్తింపవలెనో చెప్పు అధ్యాయము ఒకటి కలదు. శిశువు ఎక్కడ చేయి ఆనించుచున్నది, ఎట్లు ఏడ్చుచున్నది, చన్నును ఎట్లు విడుచుచున్నది యని చూచి, నొప్పి ఎచటనున్నదో ఊహింపవలెనని అందలి అభిప్రాయము. ఇది తల్లి చూపునకు శాస్త్రగౌరవము కల్పించిన గ్రంథము. సుశ్రుతుడు స్కందుడు, శకుని, రేవతి, పూతన మొదలుగా 9 బాలగ్రహములను పేర్కొన్నాడు. ఒక్కొక్క గ్రహమునకు చెప్పిన లక్షణములను చదివినచో, బిడ్డలను దగ్గరగా చూచిన కన్నులు ఆ వర్ణన వెనుక ఉన్నవని తెలియును. కన్ను చూచినది నిజము. దానికి కట్టిన కారణము మాత్రము గ్రహము. తెలుగు ఇండ్లలో బాలారిష్టమను మాట నేటికిని నిలిచియున్నది. అది రోగము పేరు కాదు. పేరు లేని భయమునకు పెట్టుకొనిన పేరు.

కారణము దొరకనప్పుడు గ్రహమునకు అప్పగించుట ఒక మార్గమైనచో, ఎవరినైన ఒకరిని దోషిగా నిలబెట్టుట రెండవ మార్గము. భారతము అరణ్యపర్వమునందలి అష్టావక్రుని కథ దీనికి నిదర్శనము. తండ్రి కహోడుడు వేదము వల్లించుచుండగా గర్భస్థశిశువు అతని తప్పును ఎత్తిచూపినది. తండ్రి కోపించి ఎనిమిది వంకరలతో పుట్టుమని శపించినాడు. ఇందు విశేషమేమనగా, దోషము తండ్రిదని కథ స్పష్టముగా చెప్పుచున్నది. తరువాతి కాలపు లోకము ఆ దోషమును పూర్తిగా తల్లి వైపునకు మరల్చినది: గ్రహణమునాడు బయటకు వచ్చినదనియు, తినరానిది తిన్నదనియు, పూర్వజన్మలో పాపము చేసినదనియు. శపించినవాడు తుదకు కుమారునిచేతనే రక్షింపబడినాడు. ఆ కుమారుడు నదిలో మునిగి వంకరలు తీరి లేచినాడు. పురాణము బిడ్డను బాగుచేసి ముగింపగలదు. ఆధునిక రచయితకు ఆ నది లేదు.

రవీంద్రనాథ ఠాకూరు 1911లో రచించి 1912లో ప్రకటించిన ‘డాక్‌ఘర్’ ఈ విషయమున మొదట చూడదగిన రచన. అమలు తల్లిదండ్రులు లేని బాలుడు. మాధవుడు అతనిని తెచ్చి పెంచుకొనుచున్నాడు. బాలునికి జబ్బు చేసినది. ఏ జబ్బు? నాటకమంతయు వెదకినను దాని పేరు దొరకదు. కవిరాజు పైత్యమని, సన్నిపాతమని, కఫవాతములని శ్లోకములు చదువును; శరత్కాలపు ఎండయు గాలియు ఆ బాలునికి విషతుల్యములని చెప్పి తలుపులు మూయించును. అమలు కిటికీ వద్ద కూర్చుండి పెరుగు అమ్మువానితోను, కావలివానితోను, పూలమ్మాయి సుధతోను మాటలాడుచు, ఎదుట వెలసిన తపాలా కార్యాలయమునుండి రాజుగారి జాబు వచ్చునని ఎదురుచూచును. తుదకు రాజవైద్యుడు వచ్చి తలుపులు, కిటికీలు అన్నియు తెరిపించును. బాలుడు నిద్రించును.

ఈ నాటకమును ఆత్మ బంధవిముక్తిగా చదువుట సంప్రదాయమైనది. ఆ పఠనములో మాధవుడు సంసారము, కవిరాజు శుష్కశాస్త్రము, మూసిన గది దేహము. ఇట్లు చదువుటకు నాటకములో ఆధారములు లేకపోలేదు. కాని ఈ పఠనము మాధవుని విషయమున అన్యాయము చేయుచున్నది. అతని మాటలను వరుసగా చదివినచో కనబడునది సంసారబంధము కాదు, దిక్కు తోచని పెంపుడు తండ్రి. పూర్వము తనకు ధనార్జన ఒక వ్యసనముగా నుండెననియు, ఇప్పుడు ఆర్జించినది ఈ బిడ్డకు చెందునను తలపే ఆనందమిచ్చుచున్నదనియు అతడు చెప్పును. మందు మ్రింగుచు బాలుడు పడు బాధను చూచి అతని గుండె తరుగుకొనిపోవును. శ్లోకములు కట్టిపెట్టి చేయవలసినదేమో చెప్పుమని కవిరాజును వేడుకొనును. రోగమేమో తెలియని ఇంటిలో వైద్యుని ఎదుట కూర్చున్న ప్రతి తండ్రియు, ప్రతి తల్లియు అడుగునది అదియే.

మాధవుడు తలుపులు మూయుట క్రూరత్వము కాదు. అతనికి తెలిసిన ప్రేమ ఆ రూపము దాల్చినది. తెరచినచో బిడ్డ చచ్చునని ఒక పండితుడు చెప్పినప్పుడు, ఆ మాట అబద్ధమని తేల్చుటకు తన వద్ద వేరొక జ్ఞానము లేనప్పుడు, ఏ తండ్రి తెరచును? తప్పు జరిగినచో మూల్యము చెల్లించునది తాను కాదు, బిడ్డ. ప్రేక్షకునికి కిటికీ ఆవలి లోకము అందముగా కనబడుచున్నది. మాధవునికి ఆ కిటికీలో గాలి కనబడుచున్నది. ఈ రెండు చూపులను ఒకే రంగముపై నిలిపినందుననే నాటకమునకు బలము చేకూరినది. ఒక చూపును మూఢత్వముగా త్రోసివేసినచో మిగులునది ఉపదేశము మాత్రమే.

చివరి ఘట్టములో ఒక చిన్న సంభాషణము విమర్శకుల దృష్టిని తగినంతగా ఆకర్షింపలేదు. రాజవైద్యుడు దీపమార్పించును, నక్షత్రముల వెలుగు మాత్రము లోనికి రానిమ్మనును. గది చీకటి చేయుట ఎందుకని, నక్షత్రముల వెలుగుతో ఒనగూడునదేమని మాధవుడు కలవరపడును. అప్పుడు ఠాకూర్దా అతనిని అవిశ్వాసి యని గద్దించి నోరు మూయించును. నాటి నుండి నేటి వరకు విమర్శయు ఠాకూర్దా పక్షమునే నిలిచి మాధవుని నోరు మూయించుచు వచ్చినది. కాని అతడు అడిగిన ప్రశ్నలో అవిశ్వాసమేమున్నది? బిడ్డకు జరుగుచున్నదేమో చెప్పుమని పెంచినవాడు అడుగుచున్నాడు. మొదటి వైద్యుడు శ్లోకముతో సమాధానము చెప్పినాడు, రెండవ వైద్యుడు వెలుగుతో చెప్పినాడు. ఇద్దరిలో ఎవరును ఆ తండ్రికి అర్థమగునట్లు చెప్పలేదు. రవీంద్రుడు ఆ ప్రశ్నను నాటకములో నుండనిచ్చినాడు. తాను నిర్మించిన మోక్షసౌందర్యమునకు అది అడ్డు తగులునని తెలిసియు ఉండనిచ్చుట ఆయన సత్యనిష్ఠకు గుర్తు.

ఈ నాటకము వ్రాయుటకు మునుపే రవీంద్రుడు రోగిశయ్యల ప్రక్కన చాలకాలము గడపినాడు. 1902లో భార్య మృణాళినీదేవి, 1903లో కుమార్తె రేణుక, 1907లో చిన్న కుమారుడు శమీంద్రుడు మరణించిరి. రేణుకకు గాలి మార్పు మేలు చేయునను ఆశతో ఆయన ఆమెను అల్మోరా కొండలకు తీసికొనిపోయినాడు. ఈ సంఘటనలే నాటకమైనవని చెప్పుట తొందరపాటు. కాని గాలి బిడ్డకు మందా, విషమా యను ప్రశ్న ఆ తండ్రికి కేవలము కవిసమయము కాదని మాత్రము చెప్పవచ్చును.

1942 జూలైలో వార్సా నగరపు యూదుల నిర్బంధవాటికలో యానుష్ కోర్చాక్ తన అనాథాశ్రమపు పిల్లలచేత ఈ నాటకమును ఆడించినాడు. మరుసటి నెల ఆరంభములో ఆయనను, ఆ పిల్లలను ట్రెబ్లింకా మరణశిబిరమునకు తరలించిరి. ఈ వృత్తాంతమును నాటకపు ఆధ్యాత్మికార్థమునకు సాక్ష్యముగా చూపుట పరిపాటి. కోర్చాక్ శిశువైద్యుడన్న సంగతి కూడ జ్ఞాపకముంచుకొనవలెను. వైద్యుడును ఆయనయే, పెంచినవాడును ఆయనయే. తప్పించుకొను అవకాశములు వచ్చినను ఆయన పిల్లలను విడువలేదు. రాజవైద్యుని జ్ఞానమును, మాధవుని మమకారమును వేరు చేసి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ యని తూచువారికి ఆయన జీవితము సమాధానము.

రవీంద్రుని ‘సుభా’ కథ 1893 నాటిది. ఇందు లోపము పేరు అందరికిని తెలుసు: పిల్ల మూగది. పేరు తెలిసినంత మాత్రమున ఇంటికి మేలు జరుగలేదు. తల్లి ఆ బిడ్డను తన గర్భమునకు కళంకముగా తలచును. తండ్రి వాణీకంఠుడు తక్కిన కుమార్తెలకంటె ఆమెనే ఎక్కువగా ప్రేమించును. ఈ భేదమును చూచి తల్లిని కఠినురాలని, తండ్రిని దయాళువని తీర్పు చెప్పుట సులభము. కాని లోకము అడుగునది తండ్రిని కాదు. బిడ్డ లోపమునకు సంజాయిషీ చెప్పవలసినది తల్లి కనుక, ఆమెకు ఆ బిడ్డ ముఖము తనపై మోపిన నేరారోపణ పత్రమువలె కనబడుచున్నది. తండ్రికి ప్రేమించుటకు కావలసిన తీరిక ఆ నింద లేకపోవుట వలననే లభించినది. కడకు ఊరివారి మాటలకు జడిసి ఆ తండ్రియే, సంగతి మరుగుపరచి, పిల్లను కలకత్తాకు తీసికొనిపోయి పెండ్లి చేసినాడు. ప్రేమ ఉండియు ధైర్యము లేనిచో ఏమగునో కథ చూపుచున్నది. రవీంద్రుడు తల్లి మనస్సులోనికి ఇంకను కొంచెము లోతుగా పోయినచో కథ పరిపూర్ణమై యుండెడిది. ఆమెను గూర్చి ఆయన చెప్పినది నిజమే. ఆమె పక్షమున చెప్పవలసినది మాత్రము చెప్పలేదు.

ప్రేమ్‌చంద్ ‘మంత్రము’ కథలో నిదానము లభింపకపోవుటకు కారణము శాస్త్రము చాలకపోవుట కాదు, తలుపు తెరువకపోవుట. ముసలి భగత్ మృత్యుముఖములోనున్న కుమారుని డోలీలో తెచ్చి డాక్టరు చడ్ఢా గుమ్మమున నిలుచును. ఏడుగురు బిడ్డలలో మిగిలినవాడు వాడొక్కడే. డాక్టరుకు అది గోల్ఫు ఆటకు పోవు వేళ. ఒక్కసారి చూడుమని ముసలివాడు తలపాగ తీసి నేలపై పెట్టి ప్రాధేయపడినను ఆయన కారెక్కి వెడలిపోవును. బిడ్డ ఆ రాత్రి మరణించును. ఆ బిడ్డ రోగమేమో పాఠకునికి తెలియదు, భగత్‌కును తెలియదు, తెలిసికొనగలిగినవాడు చూడలేదు. పేదవాని ఇంట పేరు లేని రోగములలో ఎన్ని నిజముగా పేరు లేనివో, ఎన్ని చూడకపోవుట వలన పేరు పొందనివో అను ప్రశ్నను ఈ కథ వంటిది మరియొకటి లేవనెత్తలేదు. ఏండ్లు గడచిన తరువాత పాము కరచిన డాక్టరు కుమారుని భగత్ మంత్రము వేసి బ్రతికించును. ప్రేమ్‌చంద్ ఆ మంత్రమును నమ్మమని చెప్పుట లేదు. చూచుటకు వచ్చినవాడు ఎవడో, రానివాడు ఎవడో గుర్తుంచుకొనుమని చెప్పుచున్నాడు.

స్వాతంత్ర్యానంతర సాహిత్యములో ఈ వస్తువు నగరగృహములలోనికి ప్రవేశించినది. రోహింటన్ మిస్త్రీ 1991లో ప్రకటించిన ‘సచ్ ఎ లాంగ్ జర్నీ’ ఆంగ్ల నవల 1971 నాటి బొంబాయిలోని ఒక పారశీక కుటుంబమును చిత్రించును. చిన్న కుమార్తె రోషనుకు విరేచనములు పట్టుకొని ఎంతకును తగ్గవు. మందులు మారును, మాటలు పెరుగును. నీరు సరిగా కాచలేదని భర్త గుస్తాద్ భార్యను నిందించును. భార్య దిల్‌నవాజ్ మేడమీది మిస్ కుట్పితియాను ఆశ్రయించి దిష్టి తీయుటకు పూనుకొనును. నిదానము లేని ఇంటిలో భార్యాభర్తల నడుమ నమ్మకము ఎట్లు సడలునో ఇంత సూక్ష్మముగా చూపిన రచనలు అరుదు. అంతకంటె సూక్ష్మమైనది మరియొకటి కలదు. ఆ భవనములోనే తెహ్ముల్ అనువాడు ఉన్నాడు. చిన్ననాడు వేపచెట్టుమీదినుండి పడి కాలును, బుద్ధియు దెబ్బ తిన్నవాడు. ఇల్లు విడిచిన పెద్ద కుమారుని మనస్సు మరల్చుటకు దిల్‌నవాజ్ ఆ అమాయకునిచేత దిగదుడిచిన నిమ్మరసము త్రాగించును. ఒక తల్లి తన బిడ్డ కొరకు మరియొక తల్లి కన్న బిడ్డను సాధనముగా వాడుకొన్నది. ఆమె దుష్టురాలు కాదు, భయపడినది. రచయిత ఆమెను పరిహసింపడు, క్షమింపడు, చూపి ఊరకుండును.

అనితా దేశాయి 1980 నాటి ‘క్లియర్ లైట్ ఆఫ్ డే’ ఆంగ్ల నవలయే యైనను, తెలుగు పాఠకునికి అందు పరిచితమైన ఊరు ఒకటి కలదు. పాత ఢిల్లీలో దాసు కుటుంబమున నలుగురు సంతానము: రాజా, బిమ్, తార, బాబా. బాబా అందరికంటె చిన్నవాడు. వేళకు నడక రాలేదు, మాట రాలేదు. తల్లిదండ్రులకు పేకాట, క్లబ్బు ముఖ్యములు. బిడ్డ తక్కినవారివలె పెరుగుట లేదని గ్రహించి, దూరపు బంధువైన మీరా మాసి యను వితంతువును పిలిపించి అతనిని ఆమెకు ఒప్పజెప్పిరి. బాబాకు ఉన్న లోపమేమో నవల ఎచటను పేరుపెట్టి చెప్పదు. పెద్దవాడైన తరువాత కూడ అతడు 1940 ప్రాంతపు పాటల రికార్డులను అదే గ్రామఫోనుపై మరల మరల వేయుచుండును. తల్లిదండ్రులు పోయిరి, మాసి పోయినది. దేశవిభజనానంతరము రాజా హైదరాబాదు చేరి అక్కడనే స్థిరపడినాడు. తార పెండ్లియై వెడలిపోయినది. బిమ్ మాత్రము కళాశాలలో చరిత్ర బోధించుచు బాబాతో మిగిలినది. కన్న తల్లి కాకపోయినను పెంపకము ఆమెది.

ఈ నవలలో ఒక ఘట్టము ఈ వస్తువునకు ప్రాణము వంటిది. కుటుంబవ్యాపారము చిక్కులు, పాత కోపములు మనస్సును కలచివేయగా బిమ్ ఒకనాడు ఆ కసి అంతయు బాబాపై చూపును. అతనిని హైదరాబాదునకు, రాజా వద్దకు పంపివేయవలసి వచ్చునేమో యని అనును. అతడు ఎదురు చెప్పడు, ఏడువడు. ఆ మౌనము ముందు ఆమె తన మాటకు తానే సిగ్గుపడును. పెంచినవారి సహనమును దైవగుణముగా వర్ణించిన రచనలు చాల కలవు. ఆ సహనము తెగిన క్షణమును దాచక చెప్పినవి కొన్నియే. విసుగు ప్రేమకు విరుద్ధము కాదని, ప్రతిదినము పని చేయు ప్రేమకు అలసట సహజమని దేశాయి ఎరుగును. అందుచేత ఆమె బిమ్‌ను త్యాగమూర్తిగా పూజింపదు. అట్టి పూజ నిందవలెనే పెంచినవారి నోరు మూయించును.

ఈ రచనలను ఒకచోట చేర్చి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. అమలు నిద్రించినాడు. సుభాను భర్త విడిచినాడు. భగత్ కుమారుడు మరణించినాడు. తెహ్ముల్ నవల చివర అల్లరిమూకల రాళ్ళకు బలియైనాడు. రోషను కోలుకొన్నది. బిడ్డ చనిపోవలెను, లేదా బాగుపడవలెను, లేదా కథలోనుండి తొలగిపోవలెను. కథకు ముగింపు కావలెను గదా. కాని నిజజీవితములో ఈ పెంపకమునకు అట్టి ముగింపు లేదు. బిడ్డ పదియేండ్లవాడగును, ముప్పదియేండ్లవాడగును. తల్లి చేతులలో బలము తగ్గును. తరువాత ఎవరను ప్రశ్న ప్రతిరాత్రి వచ్చును. బాబా ఒక్కడే తుదివరకు అట్లే ఉన్నాడు, గ్రామఫోను తిరుగుచున్నది, బిమ్ ప్రక్కనున్నది. ముగింపు నిచ్చుటకు నిరాకరించినందుననే దేశాయి నవల ఈ విషయములో తక్కినవానికంటె ఒక మెట్టు పైన నిలుచుచున్నది. నాటకముగా ‘డాక్‌ఘర్’ గొప్పది. పెంచినవారి కాలమును కొలుచుటలో ఈ నవల దానికంటె నమ్మకమైనది.

పేరు లేకపోవుటలోనే ఏదో సౌందర్యమున్నదని దీనివలన భావింపరాదు. పేరు అవసరము. డౌన్ 1866లో వర్ణించిన లక్షణసముదాయమునకు మూలము ఒక అదనపు క్రోమోసోమని 1959లో తెలిసినది. ఆటిజమును కానర్ 1943లో వర్ణించినాడు. సుభా కథ వ్రాయబడిన నాటికి ఈ జ్ఞానములో చాలభాగము లేదు. భారతదేశములో 1995 నాటి వికలాంగుల చట్టము 7 విధములైన వైకల్యములను గుర్తింపగా, 2016 చట్టము 21 విధములను గుర్తించినది. సికిందరాబాదులో బుద్ధిమాంద్యము గలవారి కొరకు జాతీయ సంస్థ 1984లో ఏర్పడినది. పుట్టిన బిడ్డలలోని లోపములను, ఎదుగుదలలోని జాప్యమును ముందుగా గుర్తించుటకు 2013లో జాతీయ కార్యక్రమమొకటి ఆరంభమైనది. అరుదైన వ్యాధులను గూర్చి 2021లో జాతీయ విధానము ప్రకటింపబడినది. పేరు దొరికినచో కొన్నిటికి మందు దొరకును, ధ్రువపత్రము దొరకును, బడిలో చోటు దొరకును. అన్నిటికంటె ముఖ్యముగా తల్లిపై మోపిన నింద తొలగును. అయినను జన్యుపరీక్షల అనంతరము కూడ పేరు దొరకని బిడ్డలు నేటికిని ఉన్నారు. వారి తల్లిదండ్రులు మాధవుడు కూర్చున్న చోటనే కూర్చున్నారు.

ఇటీవలి సాహిత్యములో మరియొక మార్పు వచ్చినది. బిడ్డయే పెద్దయై తనను పెంచినవారిని గూర్చి చెప్పుచున్నది. మస్తిష్క పక్షవాతముతో పెరిగిన మాలినీ చిబ్ తన ఆత్మకథ ‘వన్ లిటిల్ ఫింగర్’ను 2011లో ప్రకటించినది. ఆమె తల్లి మిథూ ఆలూర్ అట్టి పిల్లల కొరకు 1972లో బొంబాయిలో విద్యాసంస్థను నెలకొల్పినది. ఇట్టి గ్రంథములను కేవలము ధైర్యసాహసగాథలుగా మెచ్చుకొనుట చాలదు. ఇంతకాలము కిటికీ వద్ద కూర్చుండి ఇతరుల మాటలలో మాత్రమే జీవించిన అమలు తన మాట తాను చెప్పుకొనుట ఇది. పెంచినవారు చేసిన మేలును, తెలియక చేసిన పొరపాటును కూడ సాక్ష్యముతో చెప్పగలవాడు వాడొక్కడే.

భారతీయ భాషలలో ఈ వస్తువుపై రావలసినది ఇంకను చాల కలదు. ఆసుపత్రి వరండాలో చీటీ పట్టుకొని కూర్చున్న తల్లి దినము, చెంచాతో అన్నము తినిపించుటకు పట్టు గంట, ఇంటిలోని తక్కిన పిల్లలు తమ వంతు కొరకు నిరీక్షించు తీరు, బిడ్డ మొదటిసారి తల త్రిప్పి చూచిన నాటి సంతోషము, మరునాడు అది మరల జరుగకపోవుట. ఇవి కథలలో తగినంతగా రాలేదు. ఇవి వ్రాయువారు రోగమునకు గ్రహమును, పాపమును, ప్రతీకను కారణముగా తెచ్చిపెట్టక, తెలియనిదానిని తెలియనట్లే ఉండనిచ్చు ఓర్పు కలవారై యుండవలెను. విమర్శకుల పని మరియొకటి. దీపమార్పినప్పుడు మాధవుడు అడిగిన ప్రశ్నను అవిశ్వాసముగా కొట్టివేయక, అది ‘డాక్‌ఘర్’లోని ముఖ్యమైన మాటలలో ఒకటిగా లెక్కించి ఆ నాటకమును మరల చదువవలసియున్నది.